మూడు గాజు ట్యూబులు

"ఉదయం ఎనిమిదికి మన కొరియర్లు ముగ్గురు తాగిన కాఫీలో శత్రువులు కలుపు మందు కలిపారు," అన్నాడు చీఫ్. "పన్నెండు లోపు బ్లడ్ ఫిల్టర్ మెషీన్ పెట్టకపోతే దక్కరు. కానీ నెత్తురులో మందు లెవెల్ తక్కువే ఉందని ల్యాబ్ రిపోర్టు. అందుకని డాక్టర్ కదలడం లేదు."

"రిపోర్టు ఎవరిచ్చారు సార్?"

"మీ వదిన."

ఏజెంట్ డేగ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ముగ్గురిలో ఒకడు అతని సొంత అన్నయ్య. మొగుడి ప్రాణం మీదికొస్తే ఆవిడ పొరపాటు చేస్తుందా? అయినా డ్యూటీ డ్యూటీయే, ఒకసారి చూసి రావాలి. పెట్టుడు మీసం, మెకానిక్ యూనిఫాం తగిలించుకుని పదకొండుంపావుకి ల్యాబ్‌లో అడుగుపెట్టాడు.

తెల్లకోటులోనూ వదిన సినిమా తారలా మెరిసిపోతోంది. ఆవిడ ఎదురుగా ర్యాక్‌లో మూడు నెత్తురు ట్యూబులు. మూడూ గాజువే!

ఈ మందు గాజుకు అతుక్కుపోతుంది, లెవెల్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ప్లాస్టిక్ ట్యూబే వాడాలి. ట్రైనింగ్‌లో ఈ సంగతి డేగకు నూరిపోసింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఈ వదినే!

మీసం పీకి పారేశాడు. "ఎందుకు చేశావు వదినా?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. డ్రాయర్‌లోంచి సైలెన్సర్ పిస్టల్ తీసింది. "మీలో దాగిన మా గూఢచారుల లిస్టు ముగ్గురూ చూసేశారు. మీ అన్నయ్యని చూడొద్దని నేను చెప్పలేనుగా?"

"పదేళ్లు నీ చేతి వంట తిన్నాను!"

"అందులో ఏమీ కలపలేదుగా!"

డేగకు ఏడుపొచ్చింది, దాచడం ఎందుకు. చొక్కా గుండీ నొక్కాడు. కళ్లు బైర్లు కమ్మే వెలుగు! గుండు గోడలో దిగింది. మరుక్షణం ఆవిడ చేతులు టేబుల్ ల్యాంపు వైరుతో కుర్చీకి బిగిసిపోయాయి.

ముగ్గురి నుంచి మళ్లీ నెత్తురు తీయించి ప్లాస్టిక్ ట్యూబుల్లో పట్టాడు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేలిన ప్లాస్మాలో తన స్పై పెన్నులోని పొడి రాల్చాడు. మూడూ ముదురు నీలం! విషం ఎక్కువుంటేనే ఆ రంగు.

"కొత్త రిపోర్టు లేనిదే మెషీన్..." అంటున్న డాక్టర్ ముఖం ముందు ట్యూబులు ఆడించాడు. "ఇదిగో రిపోర్టు! ఇంకా చూస్తారేం?"

డాక్టర్ పరిగెత్తాడు. పదకొండు యాభై తొమ్మిదికి మూడో మెషీన్ తిరిగింది.

మూడో రోజు అన్నయ్య కళ్లు తెరిచాడు. మొదట అడిగింది ఒకటే. "మీ వదిన ఏదిరా? ఒంటరిగా ఎంత బెంగపడుతోందో!"

డేగ అన్నయ్య దుప్పటి సరిచేశాడు.

"ఒంటరిగా ఏం లేదులే అన్నయ్యా. తలుపు దగ్గర ఇద్దర్ని, కిటికీ దగ్గర ఇద్దర్ని పెట్టాం."