పంతొమ్మిది తొక్కు సీసాలు

పాల్మాకుల దగ్గర కరెంటు స్తంభానికి ఒక మనిషిని కట్టేశారు. కళ్ళకు నల్ల స్కార్ఫు. మెడలో ముప్ఫై రెండు దొంగ వీసాల దండ. టీవీలో ఆ దృశ్యమే తిరిగి తిరిగి వస్తోంది. కింద ఎర్ర అక్షరాలు: ముసుగన్న మళ్ళీ కొట్టాడు!

అది చూసి ఏజెంట్ గరుడ అలియాస్ రాజశేఖర్‌కి అసూయ పుట్టింది. ఆ వీసా బ్రోకరు కోసం అతను నాలుగు నెలలు గడ్డం పెంచి రావిర్యాలలో గొర్రెలు కాశాడు. రెండు రోజుల్లో పట్టుకుంటాడనగా వాడెవడో హెల్మెట్టూ రెయిన్‌కోటూ వేసుకొచ్చి ఎత్తుకుపోయాడు. దేశమంతా చప్పట్లు. గొర్రెల సంగతి అడిగిన నాథుడు లేడు.

"చాలు, టీవీ ఆపండి," అన్నాడు రహస్య నిఘా విభాగం చీఫ్ శివశంకర్.

అది 2011 మే నెల, ఉదయం పదకొండు. గగన్‌పహాడ్‌లో మోటార్ల రిపేరు షాపు పైన ఉన్న ఆ గదికి బోర్డు లేదు. లోపలికి రావాలంటే వేలిముద్ర పడాలి. పని మనిషి సత్తెమ్మకు మాత్రం తలుపు తీసే ఉంచుతారు, లేకపోతే చాయ్ చల్లారిపోతుంది.

"సారూ, చక్కెర ఎంత?" అంది సత్తెమ్మ.

"రెండు," అన్నాడు రాజశేఖర్ ఆమె వైపు చూడకుండానే.

శివశంకర్ మ్యాపు పరిచాడు. "టార్గెట్ మల్లేశ్వర్, ట్రావెల్ ఏజెంట్. వెనకాల విదేశీ ముఠా. ఎల్లుండి నాలుగు గంటల ఫ్లైట్‌లో పంతొమ్మిది మందిని గల్ఫ్ పంపుతున్నాడు. వీసాలన్నీ దొంగవి. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఒక్కొక్కరికి కానుకగా మామిడికాయ తొక్కు సీసా ఇస్తాడు. ప్రతి సీసాలో ఒక మెమరీ చిప్. అన్నీ కలిపితే మన రాడార్ డ్రాయింగులు."

"అక్కడ దిగాక?"

"సీసాలు ముఠాకి. మనుషులు జైలుకి. గూఢచారులని ముద్ర పడితే మళ్ళీ ఇంటి ముఖం చూడరు. మల్లేశ్వర్ సొంత చేత్తో సీసా ఇస్తుండగా పట్టుకోవాలి. ఇంకో మాట. ఆ ముసుగన్న కూడా రావచ్చు. చట్టాన్ని చేతిలోకి తీసుకున్నవాడు. వాడెవడో నాకు కావాలి."

రాజశేఖర్‌కి కడుపులో పాలు పోసినట్టయింది. ఖాళీ గ్లాసులు తీసుకుని సత్తెమ్మ వెళ్ళిపోయింది.

ఎల్లుండి రానే వచ్చింది. పంతొమ్మిదో ప్రయాణికుడిగా చేరిన రాజశేఖర్ వేషంలో వంక పెట్టడానికి లేదు. హవాయి చెప్పులు, మెడలో తువ్వాలు, నైలాన్ తాడుతో బిగించిన అట్టపెట్టె, దాని మీద పెయింటుతో 'కుర్మయ్య, పాల్మాకుల'. చొక్కా రెండో గుండీలో కెమెరా. పుట్టింది కాకినాడ అయినా ఆరు నెలలు సాధన చేసి "వస్తున్న, పోతున్న" అనడం కూడా పట్టేశాడు.

శంషాబాద్‌లో ఆటో ఎక్కుతుంటే ఫోన్ మోగింది.

"ఎండ ఎలా ఉంది?" అంది సిల్వియా. అది కోడ్. మల్లేశ్వర్ ఆఫీసులో కూర్చుని అతని జీతం తీసుకుంటూ కబుర్లు రాజశేఖర్‌కి చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమె. ఆమె హైహీల్స్ చప్పుడు విన్నప్పుడల్లా రాజశేఖర్ మాట తడబడుతుంది.

"కొబ్బరినీళ్ళు కావాలి," అన్నాడు బదులుగా.

"సీసాలు బయల్దేరాయి. ఇవాళ ముసుగన్న వస్తాడంటావా? నాకు ఒక్కసారి చూడాలనుంది," అందామె. ఆ గొంతులో మురిపెం ఉంది. రాజశేఖర్ ఫోన్ పెట్టేసి ఆటోవాడి మీద ఊరికే అరిచాడు.

ఎయిర్‌పోర్టు ముందు జాతర నడుస్తోంది. రాజశేఖర్ కాక పద్దెనిమిది మంది ప్రయాణికులు, పద్దెనిమిది జీపులు, ఒక్కో జీపుకి పదిహేను మంది. తల్లులు, చెల్లెళ్ళు, మేనమామలు. దండలు వేస్తున్నారు, బుగ్గలు నిమురుతున్నారు, ఏడుస్తున్నారు. జంగయ్య అనే రైతు చెయ్యి అతని భార్య భారతమ్మ వదలడం లేదు.

"బోరు ఎండుడుతోనే గదా పోతున్న. రెండేండ్లే, గిట్ల పోయి గట్ల వస్త," అంటున్నాడు జంగయ్య.

రాజశేఖర్‌కి వాళ్ళను చూస్తే కూడా ఓర్వలేనితనం వచ్చింది. పదకొండేళ్ళలో నలభై మిషన్లు. ఏ ఒక్కదానికీ ఎవరూ అతన్ని సాగనంపలేదు.

మల్లేశ్వర్ తెల్ల సఫారీలో దిగాడు. నవ్వుతూ ఒక్కొక్కరికీ సీసా అందించాడు. గుండీ కెమెరా తిరుగుతోంది. రాజశేఖర్ చేతిలోనూ సీసా పెట్టబోయి ఆగిపోయాడు.

"నీ వెంబడి ఎవలొచ్చిన్రు?"

"ఎవరూ... ఎవలు రాలే."

"అమ్మ?"

"లేదు."

"అక్క? బామ్మర్ది? ఊరోడైనా?"

రాజశేఖర్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. యాస నేర్చుకున్నాడు, పెట్టె కట్టాడు, ఏడ్చే మనిషిని తెచ్చుకోవాలని మాత్రం తట్టలేదు. ఈ చుట్టుపక్కల గల్ఫ్‌కి ఒంటరిగా బయల్దేరేవాడు ఉండడు.

మల్లేశ్వర్ జేబులోంచి పెన్ను తీశాడు. క్యాప్ తీస్తే విషం సూది. అది రాజశేఖర్ పక్కటెముకలకు ఆనింది.

"ఏడ్చెటోళ్ళు లేనోడు పోలీసోడే. నడువు కారు దిక్కు. సప్పుడు చేస్తే సూది దిగుతది."

అటు జంగయ్య సీసా చంకలో పెట్టుకుని గేటు వైపు కదిలాడు.

"అయ్యో తమ్ముడా! నాకు జెప్పకుంట పోతున్నవారా!"

ఎక్కడినుంచి వచ్చిందో, ఎండకు ముఖమంతా నల్ల స్కార్ఫు చుట్టుకున్న ఒకామె రాజశేఖర్ మీద వచ్చి పడింది. గుండెలు బాదుకుంది. సాగనంపే చోట ఒక్కరు శోకం ఎత్తుకుంటే మిగతావాళ్ళు ఊరుకోరు. ముందు భారతమ్మ వచ్చింది, వెనక యాభై మంది ఆడవాళ్ళు. "అక్క జూడు ఎంత ఏడుస్తున్నదో!" అంటూ మల్లేశ్వర్‌తో సహా అందర్నీ వాటేసుకున్నారు. సూది పెన్ను ఎవరి కాలి కిందో చిట్లింది. గుండీ కెమెరా తెగి ఎటో ఎగిరింది.

ఆ గుంపులో రాజశేఖర్ చెవి దగ్గర ఒక గుసగుస. "సారూ, జర గట్టిగ ఏడ్వున్రి. అనుమానపడ్తరు."

రోజూ చక్కెర ఎంత అని అడిగే గొంతు.

రాజశేఖర్ ఏడ్చాడు. నటనగానే మొదలైంది, తర్వాత ఆగలేదు. కన్నీళ్ళతోనే జనాన్ని తోసుకుని పరిగెత్తాడు. జంగయ్య టికెట్టు చూపించి గేటులోకి ఒక కాలు పెట్టాడు. రాజశేఖర్ ఎగిరి సీసాని ఒక్క దెబ్బ కొట్టాడు.

"నా తొక్కు!" అని జంగయ్య కాలర్ పట్టుకున్నాడు.

కింద నూనెలో, మామిడి ముక్కల మధ్య, గోరంత చిప్ మెరిసింది. సెక్యూరిటీ జవాన్లు తుపాకులు ఎత్తారు. వెనక్కి తిరిగి చూస్తే మల్లేశ్వర్ లగేజీ ట్రాలీకి నైలాన్ తాడుతో కట్టేసి ఉన్నాడు. కళ్ళకు నల్ల స్కార్ఫు. స్కార్ఫు లేని ఆడవాళ్ళు యాభై మంది ఇంకా ఏడుస్తూనే ఉన్నారు.

పంతొమ్మిది సీసాలూ జవాన్ల చేతికి చిక్కాయి. ఆ సాయంత్రం మిగతావాళ్ళలాగే జంగయ్య కూడా భారతమ్మతో అదే జీపులో ఇంటికి తిరిగిపోయాడు.

మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలు: 'ముసుగన్న పంజా'. పక్కన ఫొటో, కింద వివరణ: ప్రాణాలతో బయటపడి విలపిస్తున్న వలస కూలీ కుర్మయ్య. దాన్ని శివశంకర్ గదిలోని నోటీసు బోర్డుకి గుచ్చాడు. సిల్వియా ఫోన్ చేసి ముసుగన్న ఎలా ఉన్నాడని మాత్రమే అడిగింది.

"ముసుగన్న ఎవడో తెలిసిందా?" అన్నాడు చీఫ్.

సత్తెమ్మ చాయ్ గ్లాసు పెడుతోంది.

"తెలియలేదు సార్," అన్నాడు రాజశేఖర్.

చీఫ్ వెళ్ళాక గొంతు తగ్గించి అడిగాడు. "నిన్నటి ఏడుపు... అంతా నటనేనా?"

సత్తెమ్మ గ్లాసులు సర్దింది. "నా తమ్ముడు దొంగ వీసా మీద పోయిన రోజు నేను పనికి పోయిన సారూ. ఒక్కడే పోయిండు. మల్ల రాలే. గా ఏడుపు లోపల్నే ఉండె. నిన్న మీ మీద పడ్డది. చక్కెర ఎంత?"

"రెండు," అన్నాడు రాజశేఖర్, ఈసారి ఆమె ముఖంలోకి చూసి.

ఆ రోజుతో అతనికి ముసుగన్న మీద అసూయ పూర్తిగా పోయింది. ఎన్నడూ చూడని ఆ తమ్ముడి మీద మొదలైంది.