ఉష్ణసేతువు అవతలి గట్టు

2069 వేసవిలో దక్కన్ రోడ్ల మీద మోటార్‌సైకిల్ తోలడమంటే కాలిన పెనం మీద కూర్చుని ఊరేగడమే. యాభై డిగ్రీల ఎండకు బ్యాటరీ బళ్లు ఉబ్బి అంటుకుపోతుంటే, దూరప్రయాణాలకు వాటిని నిషేధించి పదేళ్లయింది. వాటి స్థానంలో హైడ్రోజన్‌ను మండించే ఇంజన్లు వచ్చాయి. పొగ లేదు, మసి లేదు. వేడి మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇంజన్ వేడిని గాలికి అప్పగించడం రేడియేటర్ పని. గాలే యాభై ఒకటి దగ్గర కాగుతుంటే అది పుచ్చుకునేది ఎంత? వెనక ఉన్న ఫ్యాను ఆ సెగనంతా తీసుకొచ్చి నడిపేవాడి మోకాళ్ల మీద పోసేది. బండి పరుగెడుతున్నంతసేపూ ఎలాగో ఓర్చుకోవచ్చు. చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక ఆగితే మాత్రం తొడల లోపలి చర్మం ఎర్రగా కందిపోయేది. సైలెన్సర్‌కు పింగాణీ పూత పూశారు, కాళ్లకు అడ్డంగా రేకులు బిగించారు, గాలి దారిని మళ్లించారు. ఏం చేసినా కుడికాలి మీది సెగ ఎడమకాలి మీదికి వచ్చిందే తప్ప తగ్గలేదు.

చక్రవాకం మోటార్స్‌లో పరీక్షా చోదకుడైన మస్తాన్ వలి పిక్క మీద తోలు మూడుసార్లు ఊడి, మూడుసార్లు మళ్లీ వచ్చింది. నాలుగోసారి అతను సీటు మీదే స్పృహ తప్పి, బండితో సహా రోడ్డు పక్కకు పడ్డాడు. ఆస్పత్రిలో చూడటానికి వచ్చిన ధాత్రితో నవ్వుతూనే అన్నాడు.

"మేడమ్, వేడిని చంపే మందేదైనా కనిపెట్టండి. లేకుంటే నన్ను తందూరీ కింద రాసుకోండి."

ధాత్రి ఆ కంపెనీలో ఉష్ణశాస్త్రవేత్త. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. వారాంతం వస్తే తన టూరింగ్ బండి వేసుకుని ఒక్కతే నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగొచ్చేది. అందువల్ల మస్తాన్ బాధ ఆమెకు కాగితాల్లో చదివి తెలుసుకున్నది కాదు.

"వేడిని చంపడం కుదరదు భాయ్. దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపగలం, అంతే" అంది.

"అయితే దూరంగా పంపండి. నా కాళ్లకు తగలనంత దూరం."

ఆ మాట ఆమె బుర్రలో నాటుకుంది. నాలుగేళ్ల తర్వాత ఉష్ణసేతువు పుట్టింది.

చూడటానికి అదేమంత వింతగా ఉండదు. అప్పచ్చి అంత పలక. ఒకే స్ఫటికాన్ని పెంచి, అది పూర్తిగా గట్టిపడకముందే రెండుగా చీలుస్తారు. చీలిన రెండు పలకలూ ఎంత దూరం పోయినా ఒకదాన్నొకటి మరిచిపోవు. ఒకదానికి తగిలిన వేడి అందులో నిలవకుండా రెండోదానిలోంచి బయటికి వస్తుంది. మధ్యలో తీగ లేదు, గొట్టం లేదు. మొదటి పలకను ఇంజన్‌కు అంటిస్తే ఇంజన్ చల్లబడుతుంది. రెండో పలక ఎక్కడ ఉంటే అక్కడ కాగుతుంది.

రెండో పలకలను సముద్రం అడుగున దించాలన్నది ధాత్రి ఆలోచన. కానీ ఉప్పునీరు స్ఫటికాన్ని ఆరు నెలల్లో తినేసింది. పొడినేల కావలసి వచ్చింది. కంపెనీ అధిపతి భార్గవ సీమలో బోడిమెట్ట అనే రాళ్లగుట్టను చూపించాడు. ఉపగ్రహ చిత్రంలో అక్కడ చెట్టు లేదు, చేను లేదు.

"ఎవరూ ఉండరా?" అని ధాత్రి అడిగింది.

"బండరాళ్లుంటాయి. వాటికి చెమట పట్టదులెండి" అన్నాడు భార్గవ. ఆమె ఇంకేమీ అడగలేదు.

మూడేళ్లు తిరిగేసరికి ఉష్ణసేతువు ఉన్న బళ్లు లక్షా నలభై వేలయ్యాయి. మిట్టమధ్యాహ్నం మోకాళ్ల మధ్య మంచుగడ్డ పెట్టుకున్నట్టు హాయిగా, గుంపులు గుంపులుగా దేశం తిరిగేవాళ్లు. ధాత్రికి బిరుదులొచ్చాయి. మస్తాన్ పిక్క మీద వెంట్రుకలు మొలిచాయి. ఆ సంగతి అతను అందరికీ ప్యాంటు ఎత్తి మరీ చూపించాడు.

ఒకరోజు అతనే ఆమె గదికి వచ్చి నిలబడ్డాడు. ముఖంలో నవ్వు లేదు.

"మేడమ్, మొన్న ఆ మెట్ట పక్కగా పోయినా. దాని కింద జిట్టిగుంట్ల అని ఊరుంది. నూటపది ఇళ్లు."

ధాత్రి మర్నాడే బయల్దేరింది. మస్తాన్ ముందు, ఆమె వెనక, రెండు బళ్ల మీద. మెట్ట ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా గాలి మారింది. కాళ్ల మధ్య చల్లగానే ఉంది, ముఖానికి మాత్రం బట్టీ తలుపు తెరిచినట్టు సెగ కొట్టింది. ఆమె ఉలిక్కిపడి ఇంజన్ ఆపేసింది. సెగ ఆగలేదు. మిగతా లక్షా ముప్పైతొమ్మిది వేల చిల్లర బళ్లు ఎక్కడెక్కడో నడుస్తూనే ఉన్నాయి.

ఊరి పొలిమేర దాకా వెళ్లి, బళ్లు అక్కడ వదిలి, లోపలికి నడిచారు. మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలామె తడిగుడ్డలో చుట్టిన పసిబిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. పేరు ఓబులమ్మ. గుడ్డ ఆరగానే పక్కనున్న కుండలో ముంచి పిండి మళ్లీ చుడుతోంది.

"ఎన్నాళ్లుగా ఇలా ఉందమ్మా?" అంది ధాత్రి.

"మెట్ట మీద కంచె ఏసినప్పట్నుంచీ. తొలీత ఎండాకాలం ముదిరిందనుకుంటిమి. వానాకాలమొచ్చినా తగ్గలేదు. పొదగేసిన గుడ్డు ఒక్కటీ పిల్ల కాలేదు. మా ఇంటాయన గొర్లు తోలుకోని పాయ. గొర్లు తిరిగొచ్చె, ఆయప్ప రాలేదు." చెప్పడం ఆపి బిడ్డ నుదుటి మీద చేయి వేసి చూసింది. "దీనికి ఎనిమిది నెల్లు. నా మనవరాలు. ఒళ్లంతా పొక్కులే."

ధాత్రి తానెవరో చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది. మస్తానే చెప్పాడు. ఓబులమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు.

"నువ్వు కనిపెట్టినదా! మంచి చదువే చదివినావు" అంది.

తిరిగి వచ్చాక ధాత్రి భార్గవతో మూడు గంటలు పోట్లాడింది. పలకలను వెనక్కి తెప్పించాలంది. కుదరదన్నాడాయన.

"తోలేవాళ్లకు తెలియదు కాబట్టి తోలుతున్నారు. తెలిస్తే ఆపేస్తారు. కనీసం తెలియనివ్వండి" అంది.

భార్గవ కాసేపు ఆమెను జాలిగా చూశాడు. "సరే, మీ ఇష్టం. తెలియజేద్దాం" అన్నాడు. ఆయన అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

ఆమె స్వయంగా ఒక మీటరు తయారుచేసింది. ఎదురుగట్టు మీటరు అని పేరు పెట్టింది. నడిపేవాడి కళ్ల ముందు ఒక అంకె వెలుగుతుంది. అవతలి పలక ఉన్న ఊళ్లో ఈ క్షణాన ఎంత వేడి ఉందో ఆ అంకె చెబుతుంది. దాని కిందే ఎర్ర బొత్తాం. నొక్కితే సేతువు తెగి, ఎవరి ఇంజన్ వేడి వాళ్ల కాళ్లకే తిరిగొస్తుంది. మళ్లీ నొక్కితే సేతువు కలుస్తుంది. బొత్తాం పక్కన రెండు వాక్యాల్లో జిట్టిగుంట్ల సంగతి కూడా రాయించింది.

మొదటి వారం ముగిశాక లెక్కలు తెరిచింది. లక్షా నలభై వేల మందిలో బొత్తాం నొక్కి, గంటసేపైనా అలాగే ఉంచినవాళ్లు పదకొండు మంది. రెండో వారానికి నలుగురు. మూడో వారంలో, ఆ అంకె రోడ్డు మీది దృష్టిని చెదరగొడుతోందని టూరింగ్ సంఘాలు అర్జీ పెట్టాయి. అర్జీ తేలేలోగా అంకె మీద అంటించుకోవడానికి రంగురంగుల స్టిక్కర్లు బజార్లో దొరికాయి.

ఆమె మస్తాన్ బండి నంబరు వెతికింది. అతను ఒక్కసారి కూడా నొక్కలేదు.

అతన్ని పిలిచి అడిగింది. మస్తాన్ తలెత్తలేదు.

"ప్రతిసారీ వేలు అక్కడిదాకా పోతాది మేడమ్. పిక్క గుర్తొస్తాది. వెనక్కి తీసుకుంటా. తిట్టండి, పడతా."

"మనసెలా ఒప్పుతోంది భాయ్? కళ్లారా చూసొచ్చావు కదా!"

"చూసినాను గాబట్టే ఆ దారిన మళ్లీ పోలేదు."

ఆమె విషయాన్ని ప్రభుత్వ విచారణ సంఘం ముందుకు తీసుకెళ్లింది. ఏడాది తిరిగింది, చెప్పుల అడుగులు అరిగాయి. చివరికి సంఘం ఒక తీర్పునిచ్చింది. మెట్ట మీది పలకలు ఉండాలో పోవాలో జిట్టిగుంట్ల గ్రామసభే తేల్చుకోవాలి, సభ వద్దంటే కంపెనీ తొలగించి తీరాలి. ధాత్రి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఆనందంతో బల్ల మీద తల ఆనించి ఏడ్చింది.

గ్రామసభ రోజున తెల్లవారగానే బయల్దేరింది. ఎర్ర బొత్తాం నొక్కాకే బండెక్కింది. ఇవాళైనా ఆ ఊరికి తన వేడి చేరకూడదనుకుంది. తొంభై కిలోమీటర్లు పళ్ల బిగువున నడిపింది. ఎండ ముదిరేవేళకు చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక బండి ఆగింది. ఫ్యాను సెగ తొడల మీద కొట్టింది. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. తొడ చర్మం సీటుకు అతుక్కుపోతున్నట్టనిపించింది. కళ్ల ముందు మసకలు కమ్మాయి. లారీలు కదిలి, గాలి చల్లగా తగిలి, అమ్మయ్య అనుకున్నాక గాని ఆమె గమనించలేదు. సేతువు మళ్లీ పనిచేస్తోంది. బొత్తాం మీద తన బొటనవేలే ఉంది.

ఆమె దాన్ని మళ్లీ నొక్కలేదు. సభకు ఆలస్యమవుతుంది కదా అని తనకు తాను చెప్పుకుంది.

బడి వరండాలో సభ జరిగింది. విచారణాధికారి తీర్పు చదివి వినిపించాడు. "పలకలు తీసేయమంటారా?" అని అడిగాడు. ఎవరూ చేతులెత్తలేదు. గుసగుసలాడుకుని అందరూ ఓబులమ్మ వైపు చూశారు. ఆమె మనవరాలిని చంకనేసుకుని లేచింది. బిడ్డ మెడ మీద పొక్కులు మాని నల్లటి మచ్చలు పడ్డాయి.

"తీసేస్తే మెట్ట సెగ ఒకటే పోతాది. పైనుంచి కాసే ఎండో? ముందు యాభై ఉండె, మళ్లీ యాభైకే వస్తాది. మేమంతా మాట్లాడుకున్నాం సారూ. తీసెయ్యొద్దు. మాకూ ఈయండి."

"ఏమివ్వాలి?"

"ఆ పలకలు. ఇంటికి నాలుగు. గోడలకు బిగించుకుంటాం. మెట్ట సెగ, ఎండ సెగ రెండూ పోతాయి."

అధికారి ముఖం విప్పారింది. చిక్కు ఇంత సుళువుగా విడిపోతుందని ఆయన అనుకోలేదు. కంపెనీ తరఫున వచ్చిన లాయరు అప్పటికే తలాడిస్తున్నాడు. కొత్త పలకలకు అనుమతి కావాలంటే కాగితం మీద వాటిని కనిపెట్టిన మనిషిగా ధాత్రి సంతకం ఉండాలి. అందరూ ఆమె వైపు తిరిగారు.

ధాత్రి లేచి ఓబులమ్మ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, రెండో పలకలు ఎక్కడో ఒకచోట పెట్టాలి. అక్కడా ఎవరో ఒకరు ఉంటారు."

"ఎర్రమిట్ట మింద పెట్టండి. పన్నెండు మైళ్లు. ఖాళీగా పడుండాది."

"ఖాళీ అనే ఇక్కడా పెట్టారమ్మా. దాని కింద ఊరేమీ లేదా?"

"ఉంది. ఎందుకుండదు?" అంది ఓబులమ్మ. "నేను పుట్టిన ఊరే. మా తమ్ముడు సుంకన్న ఆడనే ఉండాడు. వానికి ముగ్గురు పిల్లోళ్లు."

ధాత్రి ఆమె ముఖంలోకి చూసింది. "తెలిసే అడుగుతున్నారా?"

"తెలీకుండా చేసింది మీరు. నేను తెలిసే అడుగుతాండ. దీన్ని బతికించుకోవాల." బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. "నువ్వు బండి మీద వచ్చినావు కదా మేడమ్. కాళ్లు కాలినాయా?"

ధాత్రి కాగితం తీసుకుని, గోడకు ఆనించి సంతకం పెట్టింది. వరండాలో చప్పట్లు మోగాయి. జనం లేచి పోతుంటే ఓబులమ్మ ఒక్కతే వెనక్కి వచ్చింది.

"ఎన్నాళ్లకొస్తాయి?"

"రెండు నెలలు పడుతుంది."

ఓబులమ్మ అటూ ఇటూ చూసి, ధాత్రి చెవి దగ్గరకు వంగింది.

"అంతవరకూ మా తమ్మునికి తెలీనీయొద్దు తల్లీ. నీకు పుణ్యముంటాది."