నల్లరాయి నడిమి ముక్క

“అంచు కోయమని గీత గీసి ఇచ్చాను కదండీ. నడుము కోశారేంటి?”

ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. ఆవిడ యూనివర్సిటీలో రాళ్ల మీద పరిశోధన చేస్తోంది. నేను అక్కడి ల్యాబులో రాళ్లను వెలుతురు దూరేంత పల్చగా కోసి, అరగదీసి, గాజు పలకకు అతికిస్తాను. రంపం మీద పారే నీళ్లకు ఆవిడ ఇంకు గీత కొట్టుకుపోయింది. అడగకుండా కోయడం నా తప్పే.

“ఇంకు నిలవదండీ. మేం పెన్సిల్ వాడతాం.”

“ముందే చెప్పొచ్చుగా.”

“మీరు రాయి బల్ల మీద పడేసి పరుగెత్తారు. చెప్పడానికి నేనూ వెంటపడాలా?”

నవ్వు ఆపుకుంది. నేను అంచు కోసేదాకా స్టూలు మీద కూర్చుని తన పని చెప్పింది. వందల కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో కరిగిన నల్లని ద్రవం పగుళ్లలోకి ఎగబాకి గడ్డకట్టి ఈ నల్లరాయి అయిందట. ఆ వేడికే దాని అంచున ఆనుకున్న పక్కరాయి ఉడికి, రూపం మారి, అందులో గార్నెట్లనే ఎర్రని స్ఫటికాలు పుట్టాయట. మూడేళ్ల శ్రమ. సోమవారం థీసిస్ ఇచ్చేయాలి.

ఆవిడ వెళ్లాక, పారేయబోయిన నడిమి ముక్కను పలక చేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. నల్లరాయి నడిబొడ్డునా గార్నెట్లే.

ఎనిమిదేళ్లుగా రాళ్లు అరగదీస్తున్నాను, ఆ మాత్రం తెలుసు. గార్నెట్లు పుట్టించింది నల్లరాయి వేడే అయితే, అవి పక్కరాయిలోనే ఉండాలి, నల్లరాయి నడుమ కాదు. నల్లరాయి చల్లారాక ఎప్పుడో, లోతులోని వేడీ ఒత్తిడీ రెండు రాళ్లనూ కలిపి మార్చాయి. ఆవిడ రాసింది నిలవదు.

పలక చెత్తబుట్టలో వేస్తే ఎవరికీ తెలియదు. తెలియక చేసిన తప్పును క్షమిస్తావు సరే, తెలిసి దాస్తేనో అని దేవుణ్ణి అడిగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే పలక ఆవిడ చేతికిచ్చాను. మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది.

“మూడేళ్లండీ,” అని మాత్రం అని వెళ్లిపోయింది.

మూడు వారాలు కనబడలేదు. ఆ తర్వాత ఒకరోజు బరువైన సంచీ తెచ్చి బల్ల మీద దించింది.

“పదిహేను రాళ్లు. అన్నీ నడుము కోయండి. ఇంకో ఏడాది పడుతుందన్నారు మా గైడు సారు.”

“నా వల్లే కదండీ.”

“మా అమ్మా అదే అడిగింది, నీ ఏడాది మింగినవాడు ఎవడే అని.”

“ఏం చెప్పారు?”

“దాస్తే దాగేదాన్ని తెచ్చి చేతిలో పెట్టాడన్నాను.” ఆవిడ సంచీ ముడి విప్పసాగింది. “అలాంటివాణ్ణి వదులుకోకు అంది. ఆదివారం భోజనానికి రమ్మంది.”

రంపం ఆపాను. “మా అమ్మను కూడా తీసుకురావచ్చా?”

ఆవిడ తల వంచుకుంది. “తీసుకురండి. పెళ్లి మాత్రం థీసిస్ అయ్యాకే.”

“రాళ్లు కోసేవాడికి తొందరెక్కడిదండీ?” అన్నాను.