వెచ్చబెట్టిన ఇంజను

చీకటి విడకముందే లేవడం ఆ ముసలి మెకానిక్కుకు నలభై ఏళ్ల అలవాటు. లారీల కింద పడుకుని పడుకుని నడుము మొండికేసింది గానీ చేతులు ఊరుకోవు. ఆ రోజూ మొహం కడుక్కుని, పెరట్లో రేకుల కింద ఉన్న కారు దగ్గరికి వెళ్లాడు. తాళం తిప్పి, ఇంజను ఆడనిచ్చి, పావుగంట సేపు పక్కనే నిలబడ్డాడు. చల్లటి ఇంజనును పరుగెత్తించడమంటే నిద్రలేచిన మనిషి నెత్తిన మూట పెట్టడమేనని పని నేర్పినాయన చెప్పిన మాట ఆయనకు వేదం.

కారుకు ఇంకా ఆరు నెలలు నిండలేదు. భార్యకు కిడ్నీలు చెడి, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తిప్పాల్సి వచ్చాక కూతురు కొన్నది. అప్పుడే రెండుసార్లు దారిలో ఆగిపోయింది. రెండోసారి వంతెన మీద. ఆసుపత్రి చేరేసరికి భార్య ఊపిరితిత్తుల నిండా నీరు. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. ఇంకోసారి ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ చెప్పేసింది.

అర్ధరాత్రి దాకా షిఫ్టు చేసొచ్చి ఎనిమిదింటిదాకా నిద్రపోయే కూతురు, ఆ రోజు కళ్లు నులుముకుంటూ వచ్చి చెప్పింది.

"నిన్న మళ్లీ కార్లో ఆ హెచ్చరిక లైటు వెలిగింది నాన్నా. రేపు అమ్మకి డయాలసిస్. ఇవ్వాళ సర్వీసుకి నువ్వూ రా. నేనొక్కదాన్ని అరిస్తే వాళ్లకి చెవికెక్కట్లేదు."

"నేను రాను. మొదటిరోజు ఏమన్నాడు ఆ సర్వీసు సెంటరువాడు? 'పెద్దాయనా, చెయ్యి పెట్టకండి, ఇది కంప్యూటర్ బండి' అన్నాడు. వాడు పుట్టకముందే నేను ఇంజన్లు విప్పాను."

"ఆ పౌరుషాన్ని ఇంట్లో పెట్టి రా. కార్లో దానికి సీటు లేదు."

మంచం మీద నుంచి భార్య నీరసంగా నవ్వింది. "తీసుకెళ్లవే తల్లీ. ఇంట్లో ఉంటే ఆ కంపెనీని తిట్టి తిట్టి నా చెవులకి చిల్లులు పొడుస్తారు."

సర్వీసు సెంటర్లో ఆయన గొంతే ముందు లేచింది. డబ్బా బండి అంటగట్టారన్నాడు. పని రానివాళ్లని కూర్చోబెట్టారన్నాడు. కౌంటరులో మనిషి అంతా విని, కంప్యూటర్ తెర వాళ్లవైపు తిప్పాడు.

"రోజూ తెల్లవారుజామున బండి స్టార్టవుతోంది. పావుగంట, ఇరవై నిమిషాలు అలాగే ఆడుతోంది. కదలకుండానే ఆపేస్తున్నారు. ఈ బండి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుందండీ. బండి వేగంగా పోతేనే ఆ వేడికి మసి కాలిపోతుంది. నిలబెట్టి ఆడిస్తే పేరుకుపోయి, ఇంజనుకి ఊపిరాడదు. మేడమ్‌కి రెండుసార్లు చెప్పాను."

"మా ఇంట్లో అలా ఎవరు చేస్తారండీ? నేను లేచేదే ఎనిమిదింటికి..." అంటూ కూతురు ఆగిపోయింది. మెల్లగా తండ్రివైపు తిరిగింది.

ఆయన తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

బండి సాయంత్రానికి ఇస్తామన్నారు. ఇద్దరూ ఆటోలో ఇంటికి వచ్చారు. గుమ్మం దాటాక కూతురు చెప్పులు విసిరేసింది.

"ఒక్కమాట చెప్తే ఏం పోయేది నాన్నా?"

"బండికి మంచిదనుకున్నానమ్మా."

"వాళ్లేం చెప్పారో ఒక్కరోజైనా నన్ను అడిగావా? పని తెలిసినవాడివి కదా, ఇంకొకరి మాట వింటే పరువు పోతుంది. వంతెన మీద అమ్మకి ఊపిరందకపోతే నువ్వేం చేశావో గుర్తుందా? బానెట్ ఎత్తి కంపెనీని తిడుతూ నిలబడ్డావు. అమ్మ చెయ్యి పట్టుకున్నది నేను."

 ఆయన గోడ పట్టుకుని లోపలికి వెళ్లి, భార్య మంచం పక్కన కూలబడ్డాడు.

"విన్నావా?"

"విన్నాను."

"నాలుగు రోజులు నిన్నట్లా పడుకోబెట్టింది కంపెనీ కాదే. నేనే."

ఆమె పైకప్పు వైపు చూసింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి.

"రోజూ ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది నాకు," అంది. "ఈ మనిషి ఇంకా నా మీద ఆశ వదులుకోలేదులే అనుకుని మళ్లీ కళ్లు మూసుకునేదాన్ని."

ఆయన దుప్పటిలో మొహం దాచుకున్నాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం ఆమె చూసింది అదే మొదటిసారి.

గుమ్మంలో నిలబడ్డ కూతురు కాసేపటికి దగ్గరికొచ్చి, తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

"రేపు అరగంట ముందు బయల్దేరదాం. ఊరి బయటి పెద్దరోడ్డు మీదుగా పోతే జల్లెడ శుభ్రంగా ఉంటుందట. నువ్వు వెనక సీట్లో కూర్చో నాన్నా."

"ముందు కూర్చుంటే ఇంజను చప్పుడు తెలుస్తుంది కదమ్మా," అన్నాడు, అలవాటు కొద్దీ.

"ఇంజను సంగతి నేను చూసుకుంటాను. నువ్వు అమ్మ ఊపిరి విను."

ఆయన అప్పుడే వినడం మొదలుపెట్టాడు. పైకి లాగుతున్న శ్వాస, దాని అడుగున సన్నటి గరగర. ఎంత దూరాన ఇంజను పలికినా తేడా పట్టేసే ఆయన చెవికి, ఇన్ని నెలలుగా పక్క మంచం మీది ఈ చప్పుడు ఒక్కసారీ అందలేదు.