ఎంగిలి కాని వెండి

గుణదలలో గుడిగంట కొట్టేసరికి శౌరమ్మ ఇడ్లీలు దించింది. రెండు పళ్ళెంలో పెట్టుకుని మామగారి మంచం పక్కన కూర్చుంది. ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పక్షవాతంతో ఏసుపాదం కుడిచెయ్యి పడిపోయి నలభై రోజులైంది. ఎడమచేత్తో తినడు, అది అన్నం తినే చెయ్యి కాదంటాడు. ఇంకొకరు తినిపించబోతే పళ్ళు బిగబడతాడు. నాలుగు గుక్కల గంజితో ప్రాణం నిలబెట్టుకుంటున్నాడు. ఇట్లాగైతే నెల తిరక్కుండా పోతాడని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఈ మొండివాడు ఆ బలమంతా చావడానికే వాడుతున్నాడు.

"మామయ్యా, ఒక్క ముక్కండీ."

"వద్దమ్మాయ్. కోడలి చేత తినిపించుకునే రాత నాకొద్దు."

పక్కనే చొక్కా తొడుక్కుంటున్న ఆమె మొగుడు సంజీవరావు ఆ మాట విని, మంచం కిందనుంచి టేకు పెట్టె లాగాడు. "ఇవాళ ఇందులో వెండంతా కంసాలి బసవయ్య కొట్లో కరిగించేస్తాను. నాన్న పేరున గుడికి కొవ్వొత్తి స్టాండ్లు చేయిద్దాం. కళ్ళుండగానే చూసుకుంటాడు."

కాలవ లాకుల దగ్గర బంగళాలో ఏసుపాదం ఇరవై ఏళ్ళు బట్లరు. ఆ పెట్టె ఇంజనీరు దొర నలభై ఏడులో ఓడెక్కబోతూ ఇచ్చి పోయింది. నిండా వెండి చెంచాలూ ఫోర్కులూ. ఎడ్ల పళ్ళు చూసి వయసు చెప్పినట్టు, ఏసుపాదం ఫోర్కు పళ్ళు చూసి దాని కాలం చెప్పేవాడు. మూడు పళ్ళది తాతల నాటిదనీ, నాలుగు పళ్ళది తర్వాత వచ్చిందనీ, చెంచా వెనక ఎలకతోక లాంటి గీత ఉంటే మరీ పాతదనీ, పిడి చివర గవ్వ చెక్కి ఉంటే దొరలకు సోకులు ముదిరాక చేయించిందనీ కాపురానికొచ్చిన కొత్తలో శౌరమ్మకు చెప్పాడు. అవి పట్టుకునే పద్ధతి కూడా చెప్పాడు. అదిప్పుడు గుర్తొచ్చి ఆమె చటుక్కున పెట్టె తెరిచింది.

"మామయ్యా, దొరలు ఫోర్కు ఏ చేత్తో పట్టుకుంటారండీ?"

"ఎడమచేత్తో."

ఒక ఫోర్కు తీసి, ఇడ్లీ ముక్క గుచ్చి ఆయన ఎడమచేతిలో పెట్టింది. ఏసుపాదం దాన్ని నేలకేసి విసిరాడు. "ఇరవై ఏళ్ళు తోమాను. ఒక్కనాడు నోట పెట్టలేదు. చచ్చేముందు నన్ను దొంగని చేస్తావా?"

"దొర మీకే ఇచ్చాడు కదండీ."

"దాచుకోమని ఇచ్చాడు. తినమన్లేదు."

సంజీవరావు మొహం నల్లబడింది. "ఎట్లా తింటాడే? ఏడేళ్ళప్పుడు పంచదార అంటుకుందని నేనో చెంచా నాకితే వీపు చిట్లగొట్టాడు. కొడుకు నోటికన్నా ఆ చెంచానే ఎక్కువ ఈయనకి."

శౌరమ్మ నివ్వెరపోయింది. పదహారేళ్ళ కాపురంలో ఆ మాట ఆమె వినలేదు.

ముసలాయన కొడుకు వైపు తల తిప్పాడు. మాటలు కూడదీసుకున్నాడు. "దొర వరండాలో నుంచుని చూస్తున్నాడ్రా. చేతిలో గుర్రపు కొరడా. నేను కొట్టకపోతే ఆయన కొట్టేవాడు. నాది ఉత్త బెల్టేగా అనుకున్నా."

సంజీవరావు చొక్కా బొత్తాం పెట్టుకోబోతూ ఆగిపోయాడు. తర్వాత వంగి ఫోర్కు తీసి, చెంబులో నీళ్ళతో కడిగాడు. ఇడ్లీ ముక్క గుచ్చి, సగం కొరికి నమిలాడు. ఫోర్కు పళ్ళు కూడా శుభ్రంగా నాకాడు.

"ఇది నా ఎంగిలి నాన్నా. ఇక ఏ దొరకీ పనికిరాదు. మనదే. తిను."

మిగతా సగం గుచ్చి తండ్రి ఎడమచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. పట్టు చిక్కక ముక్క దుప్పటి మీద పడింది. రెండోది గడ్డానికి తగిలింది. మూడోది నోట్లోకి వెళ్ళింది. ఏసుపాదం నములుతూ ఏడ్చాడు. శౌరమ్మకూ కన్నీళ్ళు ఆగలేదు.

"అబ్బాయ్, ఆ రోజు బాగా తగిలిందా?"

"లేదు నాన్నా. నాకు గుర్తే లేదు."

శౌరమ్మ ఇంకో ఇడ్లీకి వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. మొగుడికి తలంటి పోసినప్పుడల్లా వీపు మీద తగిలే ఆ పొడుగాటి మచ్చ ఏమిటని ఆమె ఎన్నిసార్లో అడిగింది. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డానని చెప్పేవాడు.