భన్‌పురి బస్తా

వానాకాలంలో మా కోర్టు కచేరీ రికార్డు గదిలో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడేది. లోపలికి దీపం తీసుకెళ్ళకూడదు. లాంతరు సంగతి అటుంచి, జేబులో అగ్గిపెట్టె ఉన్నా గుమ్మం దగ్గర కాగితాల కట్టలు అందించే దఫ్తరీ పరదేశి చేతికిచ్చి వెళ్ళాలి. కిటికీలు లేవు. పైన రెండు కంతలుండేవి. జల్లు కొట్టకుండా వాటికి రేకులు బిగించేవారు. ఏ ఊరి కేసులు ఆ ఊరి పేరున ఎర్రగుడ్డలో మూటగట్టి అరల్లో పెడతారు. ఆ మూటల్ని అక్కడ బస్తాలంటారు. గుమ్మంలోంచి వచ్చే కాస్త వెలుతురు రెండో వరస దాకా వస్తుంది. ఆపైన అంతా అడుగులు లెక్కపెట్టుకుంటూ, చేత్తో తడుముకుంటూ వెళ్ళడమే. ఎండిన వేపాకు వాసన, ఎలుకల కంపు, పాత సిరా వాసన.

ఆ కచేరీ రాయ్‌పూర్‌లోదే. అంతకుమించి ఆనవాలు చెప్పను. తప్పు కచేరీది కాదు, నాది.

1946 వేసవిలో నేనక్కడ తాత్కాలికపు గుమాస్తాని. పంతొమ్మిదేళ్ళు. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరాడు. నన్ను కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో చూడాలని ఆయన కోరిక. గడువు తీరిన కేసు కాగితాలు ఏరి, వెనక గోతిలో తగలబెట్టే పని నాకిచ్చారు. మూడు నెలలు పడుతుందన్నారు. చిల్లర కేసులకు అయిదేళ్ళ గడువు. కేసు వేసిన ఏడాదికి అయిదు కలిపితే చాలు, ఉంచాలో కాల్చాలో తేలిపోతుంది. నేను అట్ట మీది అంకె చూసి, మూట కూడా పూర్తిగా విప్పకుండా చెప్పేసేవాణ్ణి.

"నిదానం సత్తిరాజూ," అనేవాడు పరదేశి. ఆయన పలాస వైపు మనిషి. చిన్నప్పుడే ఈ దేశం వచ్చి ముసలివాడయ్యాడు. "నిన్ను వదిలితే చీమలకి కూడా నంబర్లేస్తావు. లోపల ఏం రాసుందో ఓసారి చూడవా?"

"చదువుతూ కూర్చుంటే దీపావళికి తేలతాం బాబాయ్."

పంతొమ్మిది రోజుల్లో పని ముగించాను. అందరూ మెచ్చుకున్నారు. నన్ను ఖాయం చేయమని కాగితం పైకి వెళ్ళింది.

ఒక్క సంగతి ఉంది. పిల్లల సంరక్షణ కేసులకు కూడా చిల్లర కేసుల వరసలోనే నంబరు పడుతుంది. కానీ వాటి గడువు కేసు ఏడాది నుంచి లెక్కించకూడదు. ఆ బిడ్డకు మైనారిటీ తీరేదాకా కాగితాలు ఉండాలి. ఆ నిబంధన నాకు తెలియదనుకునేరు. తెలుసు. ప్రతి కట్టా విప్పి బిడ్డ వయసు చూడాలంటే పంతొమ్మిది రోజులు చాలవు. అందుకే చూడలేదు.

జూన్‌లో దాలమ్మ వచ్చింది. ఆమెదీ మా వైపే, భన్‌పురిలో ఉంటోంది. అక్కణ్ణుంచి నడిచి వచ్చింది. కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద. నకలు కోసం దరఖాస్తు రాయించి తెచ్చింది.

"నలభయ్యో ఏడు కేసు బావూ. నంబరు నలభయ్యొకటి. నా మనిషి రైలు కింద పోయిన ఏడు. పిల్లని మా బావ అడిగితే, తల్లికాడే ఉండాలని జడ్జీగారు రాసినారు."

"ఇప్పుడెందుకమ్మా ఆ కాగితం?"

"మా బావ పిల్లని ఎత్తుకుపోనాడు. ఎల్లుండి కలకత్తా మెయిల్లో అస్సాం లాక్కెళ్ళిపోతాడంట. కోర్టు కాయితం తెస్తే ఆపుతానన్నాడు పోలీసు దరోగా. నా కాడున్నది సెదలు తినేసినాయి." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "పేరు తాయారు బావూ. ఏడేళ్ళది. నేను పక్కన లేకపోతే పడుకోదు."

నంబరు నలభై ఒకటి. ఏడు నలభై. అయిదు కలిపితే నలభై అయిదు. నేను కాల్చిన అంకెలు నాకు మరుపు రావు.

దావాల రిజిస్టరు తీసి చూశాను. తీర్పు ఒక్క వరసలో ఉంది. బిడ్డ తల్లి వద్దనే ఉండవలెను. 'అసలు కాగితాలు పొరపాటున కాల్చివేయబడినవి, రిజిస్టరులో తీర్పు ఇది' అని రాసి పైవాళ్ళ సంతకం పెట్టించి ఇస్తే సరిపోయేది. కానీ పొరపాటు ఎవరిదని అడుగుతారు. ఖాయం కాగితం ఇంకా సంతకం కాలేదు.

రిజిస్టరు మూసేశాను. ఆమె దరఖాస్తు వెనక రాశాను... వెతికితిమి. అట్టి కేసు లేదు.

ఆమె చదువుకోలేదు. నేనే చదివి చెప్పాను. నమ్మలేదు. ఆ రోజూ, మర్నాడూ గుమ్మం పక్కనే కూర్చుంది. నేను లోపలి నుంచి వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడేది.

"దొరికినాదేటి బావూ?"

లేదని తలూపేవాణ్ణి. మూడో రోజు ఆమె రాలేదు. మెయిలు వెళ్ళిపోయింది. ఆ శ్రావణంలోనే దాలమ్మ పోయిందని పరదేశి చెప్పాడు. అన్నం మానేసిందట. అదే వారం నా ఉద్యోగం ఖాయమైంది. నాన్న వీధిలో అందరికీ జిలేబీలు పంచాడు.

పిల్లయినా బతికే ఉంటుంది, నాకు మిగిలిన ఊరట అదొక్కటే. ఏటా తాయారు వయసు లెక్కవేసుకునేవాణ్ణి. ఎనిమిది. తొమ్మిది. పది.

1953 జూలై. ఉదయం నుంచి ఎడతెగని వాన. నేను భోజనం చేసి వచ్చేసరికి నా బల్ల మీద ఒక దరఖాస్తు ఉంది.

"ఎవరు బాబాయ్?"

"ఎవరో ఆడమనిషి. మనవాళ్ళే, మన మాటే మాట్లాడింది." పరదేశి కళ్ళకు అప్పటికి పొరలు. "గుమ్మం దగ్గర కూర్చుంది చూడు."

గుమ్మం దగ్గర ఎవరూ లేరు.

కాగితం ముట్టుకుంటే వేళ్ళకు మసి అంటింది. దాని మీద అంటించిన స్టాంపు మీద రాజుగారి బొమ్మ. ఆ స్టాంపులు పోయి ఎన్నేళ్ళో అయింది. వెనక్కి తిప్పాను. నా చేతిరాతే. వెతికితిమి. అట్టి కేసు లేదు. ఆ మాటల మీద ఎవరో మసి వేలితో అడ్డంగా గీశారు.

చించేయవచ్చు. చించలేదు. అగ్గిపెట్టె పరదేశికిచ్చి లోపలికి వెళ్ళాను.

భన్‌పురి బస్తా అయిదో వరసలో ఉంటుంది. గుమ్మం నుంచి పద్నాలుగు అడుగులు. ఏడేళ్ళుగా రోజూ నడిచిన లెక్క అది. రేకుల మీద వాన చప్పుడు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు.

చెయ్యి చాచాను. అర తగల్లేదు.

పదిహేను... పదహారు... వాన చప్పుడు దూరమైపోయింది. వెనక్కి చూస్తే గుమ్మం వెలుతురు గోరంత. వేపాకు వాసన లేదు. తడిసిన బూడిద వాసన. గోతిలో ఆ వేసవి చివర, తొలివాన పడినప్పుడు వచ్చిన వాసన.

పంతొమ్మిది... ఇరవై...

కింద ఎవరో ముడి విప్పుతున్నారు. పాత గుడ్డ ముడి. గోళ్ళతో. తరవాత కాగితాలు తిప్పుతున్న చప్పుడు. ఒకటి. ఆగి... ఇంకొకటి. చదవడం రానివాళ్ళు తిప్పినట్టు.

నా మోకాలికి ఏదో తగిలింది. వెచ్చగా.

చెవి పక్కనే, చాలా నెమ్మదిగా...

"దొరికినాదేటి బావూ?"

లేదని తలూపబోయాను. చీకట్లో ఆ తలూపు ఎవరికి కనపడుతుంది?

"ఉంది," అన్నాను. "కేసు ఉంది. నేనే కాల్చాను. నాకు తెలుసు."

కాగితాలు తిప్పడం ఆగింది.

చేతుల్లో ఏదో పెట్టారు. పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలింది. వదల్లేదు. పరిగెత్తలేదు కూడా. వెనక్కి పద్నాలుగే అడుగులు.

వెలుతురులో చూశాను. నలభై ఒకటి, నలభయ్యో సంవత్సరం. అంచులు గోధుమరంగుకు తిరిగాయి. పై చీటీలో పద్దెనిమిది పుటలని ఉంది. లెక్కపెట్టాను. పద్దెనిమిదీ ఉన్నాయి. మైనరు తాయారమ్మ, వయసు ఒక సంవత్సరం.

సాయంత్రం దాకా కూర్చుని మొత్తం నకలు రాశాను. ఒక్క అక్షరం వదల్లేదు. ముద్ర వేసి, దాలమ్మ పేరు రాసి, నకళ్ళ పెట్టెలో పెట్టి తాళం వేశాను. అసలు కట్టను బల్ల సొరుగులో దాచాను. తెల్లవారితే అన్నీ పైవాళ్ళకు చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాను.

మర్నాడు సొరుగులో పిడికెడు బూడిద ఉంది.

పెట్టె తాళం వేసినట్టే ఉంది. నకలు లేదు. నకళ్ళు ఇచ్చే రిజిస్టరు తెరిచాను. నకలు అందినట్టు వేలిముద్ర వేసే గడిలో ముద్ర ఉంది. బొటనవేలు, మధ్యలో కొడవలి గాటు. 1946 దరఖాస్తు మీద చూసిన ముద్రే.

దాని పక్కన ఇంకొకటి ఉంది. చిన్నది.

లెక్కలో నేను ఎప్పుడూ తప్పను. తాయారుకు ఆ ఏటికి పద్నాలుగేళ్ళుండాలి. ఆ ముద్ర పద్నాలుగేళ్ళ పిల్లది కాదు. మా అక్క కూతురి చేత పలక మీద వేలు పెట్టించి పోల్చి చూశాను. దానికి ఏడేళ్ళు. సరిగ్గా సరిపోయింది.

పైవాళ్ళకు చెప్పాను. కాగితం ఏదన్నారు. బూడిద చూపించాను. సెలవు పెట్టి ఇంటికి పొమ్మన్నారు.

ఇది జరిగి రెండేళ్ళు. ప్రతి నెలా ఒకటో తేదీన ఆ పుట తీసి, చిన్న ముద్రను స్కేలు పెట్టి కొలుస్తాను. ఎందుకని అడగకండి. వెంట్రుకవాసి పెరిగినా చాలు, ఎక్కడో బతికి ఉందని అనుకోవచ్చు. పెరగలేదు. పెద్ద ముద్ర సిరా మొదటి రోజే ఆరిపోయింది.

చిన్నది నేను తెరిచిన ప్రతిసారీ తడిగానే ఉంటుంది.