చితిబొగ్గు గీత

వైశాఖ బహుళ అమావాస్య... మిట్ట మధ్యాహ్నం!

క్షుద్రశక్తులు అర్ధరాత్రి మాత్రమే నిద్ర లేస్తాయని నమ్మే అమాయకులు అనంతపురం ఎండను ఎన్నడూ చూసి ఉండరు. ఆ వేళకు మనిషి నీడ కూడా భయపడి పాదాల కింద దాక్కుంటుంది. బుక్కరాయసముద్రం చెరువు అవతలి బీడులో ఎర్రటి సుడిగాలి ఒకటి లేచి, జుట్టు విరబోసుకున్న ఆడదానిలా గిరగిరా తిరుగుతూ వచ్చి... మూతబడిన శెనక్కాయల మిల్లు గుమ్మం ముందు ఠక్కున ఆగిపోయింది! మబ్బు తునక లేని ఆకాశంలో వట్టి ఉరుము ఉరిమింది. మిల్లు చూరులో పట్టపగలే గుడ్లగూబ కూసింది.

లోపల... కటిక చీకటి!

కిటికీలన్నిటికీ పాత ఫ్లెక్సీలు అడ్డంగా కట్టి ఉన్నాయి. ప్రతి ఫ్లెక్సీలోనూ ఒకటే ముఖం. శాలువా కప్పుకుని, దండ వేసుకుని, చేతులు జోడించి ఇకిలిస్తున్న హనుమంతరాయుడి ముఖం. తన ముఖంతో సూర్యుణ్ణే అడ్డుకున్న ఆ మహానుభావుడు ఇప్పుడు నేల మీద గీసిన నల్లని మండలం ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు. మండలం నడుమ ఒక కపాలం! దాని నుదుట కుంకుమ... పళ్ల మధ్య ఒక బొగ్గుముక్క. అది బొమ్మలు గీసేవాళ్లు అంగట్లో కొనుక్కునే బొగ్గు కాదు. శ్మశానంలో కాలుతున్న చితి నుంచి లాగి, మేక నెత్తుటిలో ఆర్పిన బొగ్గు!

మండలానికి ఆవలి పక్క చంద్రిక. ఇరవై నాలుగేళ్ల పిల్ల. జడ ఊడిపోయింది. తల గుండ్రంగా ఊగుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి... కానీ వాటిలో నల్లగుడ్డు లేదు. వట్టి తెలుపు! ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం.

"లేయ్‌రా పీనుగా!" హనుమంతరాయుడు గర్జించాడు. "లేచి ఈ పిల్ల చేతిలోకి దూరు! ఆ జమాల్ బాషా గాని మొగం గీయి!"

కపాలం దవడ కిర్రుమంది. బొగ్గుముక్క రాలింది. చంద్రిక చేయి పాములా సాగి దాన్ని అందుకుంది. గీతలు పడుతున్న చప్పుడు... ఎండుటాకుల మీద ఏదో పాకుతున్నట్టు! చూస్తుండగానే కాగితం మీద ఒక ముసలి ముఖం ఊపిరి పోసుకుంది. లోపలికి పోయిన దవడలు, నెరిసిన గడ్డం, చెవి మీద దోపుకున్న కుంచె.

హనుమంతరాయుడు వికటంగా నవ్వి, ముందుకు వంగి, బొటనవేలితో ఆ బొమ్మ ఎడమ కంటిని బలంగా రుద్దేశాడు.

"ఈ పొద్దు ఒక కన్ను! మంగళవారం రెండో కన్నూ, నోరూ, ముక్కూ! ఊపిరి యాడినుంచి తీస్తావో చూస్తా బాషా!"

సరిగ్గా అదే క్షణాన, ఊళ్లో టవర్ క్లాక్ వెనక సందులో నిచ్చెనెక్కి అంగడి బోర్డు రాస్తున్న జమాల్ బాషా "యా అల్లా!" అని చావుకేక పెట్టి కింద పడ్డాడు.

ఇంతకీ ఎవరీ హనుమంతరాయుడు?

అనంతపురంలో బొమ్మలు గీసేవాళ్లకు కొదవ లేదు. ఆదివారం పొద్దున్నే రైల్వేస్టేషన్ దగ్గరో, చెరువుకట్ట మీదో అట్టలు పట్టుకుని గుంపుగా కూర్చుంటారు. డ్రాయింగు మాస్టర్లు, బోర్డులు రాసేవాళ్లు, కాలేజీ పిల్లలు. వాళ్లందరి నెత్తి మీదికి ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చున్న అధ్యక్షుడు హనుమంతరాయుడు. 'అనంత రేఖా పీఠం' వ్యవస్థాపకుడు! ఆయన మేకను గీస్తే చూసినవాళ్లు కుర్చీ అనుకునేవారు. కుర్చీని మాత్రం ఆయన ఎన్నడూ గీయలేదు. కనిపించిన ప్రతి కుర్చీలోనూ తనే కూర్చునేవాడు మరి!

ఆ పీఠం వారి ప్రదర్శనలో బొమ్మల కన్నా ఫ్లెక్సీ పెద్దది. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, గోడ వైపు తలైనా తిప్పకుండా "అద్భుతం" అని వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత సభ్యులు ఒకరికొకరు శాలువాలు కప్పుకునేవారు. వాన పడకపోతే ఈ జిల్లా ఓర్చుకుంది. భుజం మీద శాలువా పడకపోతే ఆ కళాకారులు ఒక్క నెల ఓర్చుకోలేరు!

అలాంటి అధముడి బొమ్మలు రెండేళ్ల క్రితం హఠాత్తుగా మారిపోయాయి. నెర్రెలిచ్చిన చేలు, గొర్రెల మందలు, పల్లె ముసలివాళ్ల ముఖాలు... చూసినవాళ్ల గుండె ఆగిపోయేటంత ప్రాణం వాటిలో! సరస్వతీ కటాక్షమన్నారు పీఠం వారు. సరస్వతి కాదు! గీత కోసం సమాధి తవ్విన నీచుడు వాడు.

అయితే కపాలానికి చెయ్యి ఉండదు. గీత తెలిసిన లేత చెయ్యి కావాలి. మొదట ఆశ్రిత అనే కాలేజీ పిల్ల దొరికింది. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ పిల్ల కుడిచెయ్యి ఎండుపుల్లయింది. ఇప్పుడు అన్నం కలుపుకోవడం కూడా చేతకాదు. ఆ తర్వాత చంద్రిక దొరికింది. నల్లమాడ నుంచి వచ్చి, ఒక చిన్న బడిలో డ్రాయింగు చెబుతూ, సెలవు రోజుల్లో బస్టాండులో కూర్చుని ప్రయాణికుల ముఖాలు గీసుకునే పిల్ల. "ధ్యానరేఖ నేర్పిస్తా పాపా, నీ బొమ్మలతో ప్రదర్శన పెట్టిస్తా" అన్నాడు హనుమంతరాయుడు. పొగ వేసేవాడు. ఆమె సోలిపోయేది. లేచేసరికి కాగితం నిండి ఉండేది.

"నిద్రపోయినావు పాపా. నేనే గీసినా" అనేవాడు. పిచ్చిపిల్ల సిగ్గుపడి క్షమాపణ అడిగేది!

పోయిన నెల ప్రదర్శనలో, నిండు సభలో, జమాల్ బాషా లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా రాయుడూ! ఈ గీత నీది కాదు. ఇది గీసే మనిషి సచ్చిపోయి మూడేండ్లాయె. నీకు యాడ దొరికినాయి ఇవి?"

సభ గొల్లుమంది. బోర్డులు రాసుకునేవాడికి కళ గురించి ఏం తెలుసని ఎవరో వెక్కిరించారు. హనుమంతరాయుడూ నవ్వాడు... కానీ శాలువా కింద వాడి వెన్ను చెమటతో తడిసిపోయింది. ఆ పూటే బాషా చావు రాసిపెట్టుకున్నాడు.

అమావాస్య నాడు మిల్లులో తెలివి వచ్చిన చంద్రికను, మంగళవారం మళ్లీ రమ్మని పంపేశాడు హనుమంతరాయుడు. ఆమె కుడిచేయి మొద్దుబారి ఉంది. గోళ్లు నల్లబడ్డాయి. ఎంత కడిగినా నలుపు పోలేదు. గదికి వచ్చి అట్ట మీది కాగితాలు సర్దుతుంటే, పైన ఉండాల్సినది లేదు. దాని కింది కాగితం మీద లోతుగా ఒత్తుకుపోయిన గీతలు వేలికి తగిలాయి. పెన్సిల్ పడుకోబెట్టి మెల్లగా రుద్దింది. ఒక్కొక్క గీతే తెల్లగా పైకి తేలింది...

బాషా మామ!

బస్టాండులో ఒకనాడు ఆమె వెనక నిలబడి చూసి, "చెవి పైకి పోయింది మ్మా" అని దిద్దిన మనిషి. ఈ ఊళ్లో ఆమెకు నిజంగా ఏదైనా నేర్పిన ఒకే ఒక్క మనిషి. ఆమె పరుగెత్తింది.

బాషా అంగట్లో ఎడమ కంటికి టవల్ అదుముకుని కూర్చుని ఉన్నాడు.

"మామా! కంటికి ఏమైంది?"

"ఏమో మ్మా. డాక్టరు లైటు కొట్టి చూసినాడు. కన్ను బాగానే ఉండాదంట. నాకే కనపడల్యా."

ఆమె కాగితం చూపించింది. ఆయన ఒంటికన్నుతో చాలాసేపు చూశాడు.

"ఇది నువ్వు గీయలే."

"నా చెయ్యే మామా. చూడు, గోళ్లు ఎట్లయినాయో!"

"చెయ్యి నీదే. గీత తిప్పయ్యది. గడ్డం కాడ బొగ్గు ఎత్తకుండా తిప్పినాడు చూడు... నాకు గీత నేర్పించిందే వాడు." ముసలాయన ఆ వంపును వేలితో తడిమాడు. "చెరువు అవతల పల్లెలో ఉండేవాడు. చౌడమ్మ గుడి బొమ్మలన్నీ వాడే. బతికినన్నాళ్లు ఈ పీఠం వాళ్లు పిలిచి కూర్చోమని కూడా అనలే. సచ్చినాక కూడా వదల్లేదు నా కొడుకులు!"

మరునాడు పొద్దున ఇద్దరూ ఆ పల్లెకు పోయారు. తిప్పయ్య భార్య సుబ్బరత్నమ్మ వాళ్లను చేని గట్టుకు తీసుకుపోయింది. సమాధి తల వైపు మట్టి దిగబడి ఉంది.

"రెండేండ్ల కింద తవ్వినారు. నక్కలన్నారు అందరూ" అందామె. "నక్క తవ్వితే పార గుర్తులు పడతాయా మ్మా? కల్లోకొస్తాడు. పండుకోనీయడంలేదు సుబ్బీ, అంటాడు. అంతే."

చంద్రిక కళ్లనీళ్లు తుడుచుకుంది. "తాతకు ఏం గీయడం ఇష్టం అవ్వా?"

"ఇష్టమా? జాతరప్పుడు అమ్మకు కళ్లు పెట్టేది. అంతకు మించి ఏమీ ల్యా. మూడు దినాలు పస్తుండి, గుడి తలుపులేసుకుని, అద్దంలో చూసుకుంటా దిద్దేవాడు. ఎదురుగా నిలబడేవాడు కాదు. కన్ను తెరిచినాక అమ్మ తొలిచూపు మనిషి ఓర్వలేడంట."

తిరిగొచ్చేటప్పుడు బాషా ఆమె చేయి పట్టుకున్నాడు. "నువ్వు మంగళవారం పోవద్దు మ్మా. బస్సెక్కి నల్లమాడకు పో."

"నేను పోతే ఇంకో పిల్లను పట్టుకుంటాడు మామా. నిన్నూ బతకనీడు. తాత యాడున్నాడో నాకొక్కదానికే తెలుసు. నా చేతిలో ఉండాడు."

మంగళవారం... మళ్లీ మిట్ట మధ్యాహ్నం!

ఆకాశం కొలిమిలా మండుతోంది. వట్టి ఉరుములు ఒకదాని వెనక ఒకటి పగులుతున్నాయి. గుడ్లగూబ ఈసారి చూరు మీద కాదు... గుమ్మం మీదే కూర్చుని తల పూర్తిగా వెనక్కి తిప్పి చంద్రికను చూసింది! ఆమె దాని పక్క నుంచే లోపలికి నడిచింది.

పొగ లేచింది. మంత్రం మొదలైంది. కపాలం దవడ కదిలింది. మంచులాంటి చలి ఒకటి ఆమె భుజం నుంచి ముంజేతికి, ముంజేతి నుంచి వేళ్లకు పాకింది. ఇన్నాళ్లూ ఈ ఘడియలో ఆమె ఆ మత్తుతో పెనుగులాడి సోలిపోయేది. ఈసారి పెనుగులాడలేదు. ఆ చలిని లోపలికి రానిచ్చి... మనసులో పిలిచింది.

"తిప్పయ్య తాతా!"

చలి ఉలిక్కిపడినట్టు ఆగింది.

"...ఎవురు మ్మా నువ్వు? నన్ను పేరు పెట్టి పిలిచి మూడేండ్లాయె."

"చంద్రికను తాతా. ఈ చెయ్యి నాది. సుబ్బరత్నమ్మ అవ్వ పంపించింది. నీకు నొప్పిగా ఉండాదా?"

"నొప్పి కాదు మ్మా. సిగ్గు! నాతోనే గీయించి నా శిష్యుని కన్ను చెరిపినాడు."

"అయితే వాడు చెప్పింది గీయొద్దు. నీకు ఏది గీయాలనుంటే అది గీయి తాతా. నా చెయ్యి తీసుకో. నేను ఇస్తాండా!"

చేయి లేచింది. అది బలవంతాన లేచిన చేయి కాదు! కాగితం నడుమ ఒక పొడవైన వంపు... చేపలా, పడవలా. దాని పక్కన ఇంకొకటి. బాషా ముఖం ఎక్కడా లేదు. ముక్కు లేదు, గడ్డం లేదు. రెండు విశాల నేత్రాలు మాత్రమే... ఇంకా గుడ్లు పెట్టని నేత్రాలు!

"ఏం గీస్తాండావురా పీనుగా?" హనుమంతరాయుడు అదిరిపడ్డాడు. "బాషా గాణ్ణి గీయమన్నా! నీ ఎముక దంచి పొడి చేస్తా! ఈ పిల్లనూ ఈడనే పూడుస్తా!"

చంద్రిక ఎడమ చేయి దానంతట అదే లేచి, చున్నీ లాగి, ఆమె కళ్లను గట్టిగా మూసింది. ముసలాయన దయ అది! కుడిచేయి కదిలింది. ఎడమ కంట్లో ఒక చుక్క. కుడి కంట్లో ఒక చుక్క.

మిల్లు కప్పు అదిరింది. ఫ్లెక్సీలన్నీ ఒక్కసారిగా భగ్గుమన్నాయి! వేయి వాయువుల హోరులా ఒక నిశ్వాసం... జగజ్జనని కళ్లు తెరిచింది! ఆ తొలిచూపుకు ఎదురుగా ఉన్నవాడు ఒక్కడే.

"వద్దు... వద్దు! చెరిపేస్తా!"

వాడికి చేతనైన విద్య అదొక్కటే. కాగితం మీదికి దూకి, బొటనవేలితో దేవి ఎడమ కంటిని పిచ్చిగా రుద్దాడు. గీత చెక్కుచెదరలేదు. వాడి ఎడమ కన్ను పోయింది! గుడ్డిదవడం కాదు. కన్నున్న చోట నున్నటి తోలు మిగిలింది. కేక పెట్టి ఇంకా రుద్దాడు. రెండో కన్ను పోయింది. ముక్కు పోయింది. "అమ్మా! తప్పయింది..." అనబోయిన నోరు మాట సగంలోనే చెరిగిపోయింది! కళ్లూ, ముక్కూ, నోరూ లేని ఆ తలకాయ గాలి కోసం అటూ ఇటూ కొట్టుకుంది. చేతులు మాత్రం ఆగలేదు. రుద్దుతూనే ఉన్నాయి... మెడ, భుజాలు, రొమ్ము... శాలువా ఖాళీగా నేలకు జారేదాకా!

చంద్రిక చున్నీ తీసేసరికి చూసిన కాగితమూ లేదు, ఆ చూపు పడిన మనిషీ లేడు. శాలువా కింద పిడికెడు నల్లపొడి. తెరుచుకున్న కిటికీల్లోంచి ఎండ లోపలికి వచ్చింది. దాని వెంట వచ్చిన గాలి ఆ పొడిని ఊడ్చుకుపోయింది.

అధ్యక్షుల వారు ఎటు పోయారో పీఠం వాళ్లు వారం రోజులు విచారించారు. ఎనిమిదో రోజు వెతకడం మానేసి, కొత్త అధ్యక్షుడెవరని కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ కొట్లాటలో ఒకరి పన్ను ఊడింది. ఊడిన పంటికి సానుభూతిగా శాలువా కప్పారు!

బాషా కంటికి మసకగా వెలుతురు తిరిగొచ్చింది. గీత కనపడేంత. అది చాలన్నాడాయన. ఆశ్రిత చేతికి స్పర్శ తెలుస్తోందని వాళ్లమ్మ చెప్పి పంపింది. చంద్రిక గోళ్ల నలుపు పోయింది గానీ చూపుడువేలు మళ్లీ వంగలేదు. ఆమె బొగ్గును మిగతా వేళ్ల మధ్య పట్టుకోవడం కొత్తగా నేర్చుకుంటోంది.

ఆ మంగళవారం సాయంత్రమే, పొద్దు ఇంకా ఉండగానే, చంద్రికా, బాషా, సుబ్బరత్నమ్మా చేని గట్టు దగ్గర మట్టి తీశారు. చంద్రిక మిల్లు నుంచి తెచ్చిన కపాలం నుదుటి కుంకుమను సుబ్బరత్నమ్మ కొంగుతో తుడిచింది. పాత పంచెలో చుట్టి, బిడ్డను దించినట్టు లోపలికి దించింది. మట్టి కప్పినాక ఆమె లేవలేదు. అరచేత్తో ఆ మట్టిని రెండుసార్లు మెల్లగా తట్టింది.

"పండుకో. ఇంగ నీకెవురూ పని చెప్పరు" అంది.